బతికున్నవాడి కోసం మోగిన గంట

మిసావో బట్టలు కుడుతుంది. ఒసాకాలో బాక్సింగ్ హాలు వెనక సందులో, హాలు గోడనే తన నాలుగో గోడగా చేసుకున్న చిన్న దుకాణం ఆమెది. బాక్సర్లు రింగులోకి వస్తూ వేసుకునే పొడుగాటి పట్టు అంగీలు, మెరిసే నిక్కర్లు, వాటి మీద పేర్లు, అన్నీ ఆమె సూది కిందుగా వెళ్ళినవే. అయినా హాలుకు వచ్చే జనం ఆమెను దర్జీగా ఎరగరు. పోయినవాళ్ళ ఫోటో పట్టుకునే ఆవిడ అంటే మాత్రం అందరికీ తెలుసు.

ఛాంపియన్‌గా బతికినవాడు పోతే, ఆ తర్వాత వచ్చే పోటీల రోజున, పెద్ద పోటీకి ముందు ఆట ఆపుతారు. దీపాలు తగ్గిస్తారు. రింగు నడుమ ఒకరు ఆయన ఫోటో పట్టుకుని నిలబడతారు. ఎవరిని ఓడించాడో, ఎవరి చేతిలో ఓడాడో, బెల్టు ఎన్నాళ్ళు నిలబెట్టుకున్నాడో అనౌన్సరు చదువుతాడు. జనం లేచి టోపీలు తీస్తారు. అప్పుడు గంట మోగుతుంది. ఒక మోత పూర్తిగా గాలిలో కరిగిపోయాకే ఇంకోటి. కింద పడ్డవాడికి లేవడానికి పది అంకెలు ఇస్తారు కదా. ఇక లేవనివాడికి కూడా ఆ పదీ ఇచ్చి సాగనంపుతారు. అంకెలు మాత్రం ఎవరూ పైకి అనరు.

ఫోటో పట్టుకోవలసింది ఇంటివాళ్ళు. కానీ ఛాంపియన్లకు చివరిదాకా మిగిలే ఇంటివాళ్ళు తక్కువ. ముకాయి అని తేలిక బరువువాళ్ళలో, ఫ్లైవెయిట్‌లో, ఒక ఛాంపియన్ ఉండేవాడు. వాన తుంపర మీద పడ్డట్టు ఉండేవట అతని దెబ్బలు, ఎప్పుడు తడిసిపోయామో ఎదుటివాడికి తెలిసేది కాదట. ఆట మానేశాక టాక్సీ తోలాడు. ఒకరోజు స్టేషను ముందు వరసలో బండి పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చుకుని అలాగే పోయాడు. నిద్రపోతున్నాడనుకుని వెనక బండ్లవాళ్ళు చాలాసేపు హారన్ కొట్టారు. ముందు అద్దంలో 'ఖాళీ' అనే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

ముకాయి ఫోటో పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం మిసావో ఎవరిదో అంగీ ఇచ్చిపోదామని వచ్చి, మెడపట్టీలో గుండుసూదులు గుచ్చుకునే ఒక పక్కన నిలబడి ఉంది. హాలు పెద్దాయన కంటికి ఆమె నల్లటి పని కోటు ఆనింది. కదలకుండా, ఏడవకుండా నిలబడితే చాలు తల్లీ అని ఆమె చేతుల్లో ఫ్రేము పెట్టాడు. ఆమె కదలలేదు, ఏడవలేదు. అయితే అద్దం మీద దీపం పడి మెరిసిందనీ, పై వరసల్లో వాళ్ళకు ముకాయి ముఖం బదులు ఒక తెల్లటి పలక మాత్రమే కనబడిందనీ తర్వాత ఎవరో అన్నారు. ఆ మాట ఆమెను చాలాకాలం గుచ్చింది. అప్పట్నుంచి రింగెక్కే ముందు ఫ్రేములోంచి అద్దం తీసేస్తుంది. పోయినవాడికీ చూడవచ్చినవాళ్ళకీ నడుమ అదొక్కటీ ఎందుకని.

అలా ఎందరినో ఎత్తి పట్టుకుంది. ఫెదర్‌వెయిట్ నాగాసే చివరి రోజుల్లో తన పేరు కూడా మరిచిపోయాడు. వృద్ధాశ్రమంలో భోజనాల గంట మోగితే చాలు, కుర్చీలోంచి లేచి పిడికిళ్ళు గడ్డానికి ఆనించి నిలబడేవాడట. నర్సులు ఆ గంట మానేసి, దగ్గరికి వెళ్ళి చెవిలో, అన్నం వడ్డించాం నాగాసే గారూ అని చెప్పేవారట. హాలులో ఆయన కోసం గంట మోగినప్పుడు ఫోటోలోని పిడికిళ్ళు రవంత పైకి లేచినట్టు మిసావోకు అనిపించింది. ఇంకోసారి, మీసం సరిగ్గా రాకముందే బెల్టు గెలిచి మోటారుసైకిలు మీద పోయిన కుర్రాడు. వాడి తల్లి తానే పట్టుకుంటానంది. మిసావో వెనక నిలబడి ఆ తల్లి మోచేతుల కింద తన అరచేతులు పెట్టింది. గంట మోగుతుండగా నడుమలో ఎక్కడో ఆ తల్లి వెనక్కి తిరగకుండానే అంది, "పుట్టినప్పుడు వీడు ఇంతే బరువు." ఆ మర్నాడు మిసావో చేతులు సూది పట్టలేదు.

ఆ చలికాలంలో కుసాకా పోయాడని కబురొచ్చింది.

కబురు తెచ్చింది కిషి ముసలాయన. ఒకప్పుడు కుసాకాకు రౌండుకీ రౌండుకీ నడుమ ముఖం తుడిచి, నీళ్ళు పుక్కిలింపజేసి, కనుబొమ మీది గాయానికి వాజలీను రాసిన మనిషి. తన ఈడువాళ్ళతో కలిసి వకాయామా తీరానికి, వేడినీటి ఊటల్లో స్నానాలకని బస్సులో పోతున్నాడు. కుసాకా ఉండే ఊరి మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన నల్ల అంచు బోర్డు కనబడింది. దాని మీద దారి చూపే చెయ్యి బొమ్మ, కింద 'కుసాకా ఇంటివారు' అన్న అక్షరాలు. అంత్యక్రియలకు వచ్చేవాళ్ళకు ఇల్లు తెలియాలని కట్టే బోర్డు. బస్సు ఆగలేదు. అది తర్వాత ఆగినచోట దిగి కిషి హాలుకు ఫోన్ చేశాడు. కిందటేడు కుసాకాకు కడుపు ఆపరేషన్ అయిందని అందరికీ తెలుసు. ఆ సాయంత్రమే పోటీలున్నాయి. మళ్ళీ ఎవరినీ కనుక్కోలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆ రెండో మనిషి కూడా పోవచ్చునన్న ఆలోచన హాలులో ఒక్కరికీ రాలేదు. వాళ్ళ మనసులో బాక్సరు ఇంట్లో బాక్సరొక్కడే ఉంటాడు.

పెట్టె అడుగునుంచి పాత ఫోటో తీశారు. నీలం అంగీలో కుసాకా, చెవులు నలిగిన బాంటమ్‌వెయిట్ ఛాంపియన్, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టున్న ముఖం. ఆ అంగీ మిసావో కుట్టిందే. అద్దం తీసింది. ఎత్తి పట్టుకుంది. గంట మోగింది.

కొన్నాళ్ళకు కిషి పూలూ అగరుబత్తీలూ పట్టుకుని ఆ ఊరికి పలకరింపుకు వెళ్ళాడు. తలుపు తెరుచుకోగానే, కుసాకా భార్య చిజు అనుకుని నడుము దాకా వంగి, ఎంత పని జరిగింది తల్లీ అని మొదలుపెట్టాడట. వంచిన తల ఎత్తకముందే ఎదురుగా ఉన్న పాదాలు కనబడ్డాయి. మగవాడి పాదాలు. ఆ వంకర బొటనవేలికి ఏళ్ళ తరబడి పట్టీ చుట్టింది తనే. కిషి అలాగే వంగి ఉండిపోయాడు.

"ఎవరి కోసం వచ్చావురా?" అని అడిగాడు కుసాకా.

కిషికి అబద్ధం చేతకాదు. బోర్డు సంగతీ, ఫోన్ సంగతీ, గంట సంగతీ అన్నీ చెప్పేశాడు. కుసాకా పూలు అందుకున్నాడు. పోయింది చిజు అనీ, రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదనీ చెప్పాడు. తర్వాత అడిగాడు, "పదీ కొట్టేశారా?"

కొట్టేశామన్నాడు కిషి.

"అయితే సరే. అలాగే ఉండనీ." తలుపు మూసుకున్నాడు.

హాలువాళ్ళకు తల కొట్టేసినట్టయింది. వచ్చే పోటీల నాడు కుసాకాను రింగులోకి పిలిచి, జనం ముందు నిలబెట్టి, తప్పయిపోయిందని చెప్పుకోవాలి. ఆయన నిలబడితేనే ఆ తప్పు దిద్దినట్టు. కానీ ఆయన ఫోన్ ఎత్తడు. పక్కింటావిడను కనుక్కుంటే, కిటికీ తలుపులు తీయడం లేదనీ, గుమ్మంలో పెట్టిన అన్నం పిల్లులే తింటున్నాయనీ చెప్పింది. ఒగినోకు కూడా ఎవరూ ఇంకా నిజం చెప్పలేదు. కుసాకాతో రెండు పోటీలు ఆడి ఒకటి గెలిచి ఒకటి ఓడినవాడు ఒగినో. ఒసాకాలోనే సోయా పాలు విరిచి టోఫు చేసి అమ్ముకుంటున్నాడు. ఆయన ముందుకు ఏ ముఖం పెట్టుకు వెళ్ళాలని ఒకరి మీద ఒకరు నెట్టుకుంటున్నారు.

మిగతావాళ్ళకు అది హాలు పరువు. మిసావోకు అంతకంటే దగ్గరిది. బతికున్న మనిషిని పోయినవాడని నలుగురికీ చూపించినవి తన చేతులు. ఆ మనిషి ఇప్పుడు ఆ మాటే పట్టుకుని, తిండి మానేసి, అలాగే ఉండిపోతానంటున్నాడు. నేను బతికే ఉన్నానని ఆయన తన నోటితో అనాలి. అది వినకుండా ఇంకెవరి ఫోటోనూ ఎత్తలేననుకుంది. మర్నాడు పొద్దున దుకాణం తెరవకుండా దక్షిణం వైపు పోయే రైలెక్కింది.

ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కమలాతోటల కొండలు. కోతలు అయిపోయి, అక్కడక్కడా మరిచిపోయిన పండ్లు దీపాల్లా వేలాడుతున్నాయి. కుసాకా తలుపు తట్టినా పలకలేదు. జరిపితే తలుపు జరిగింది. ఆయన చీకటి గదిలో, చిజు ఫోటో ముందు, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తెల్లటి గుడ్డలో చుట్టిన అస్థికల పాత్ర పక్కన అగరుబత్తి బూడిద వంగి, రాలకుండా నిలబడి ఉంది. మనిషి సగమయ్యాడు. ఆటకు ముందు బరువు తగ్గించుకునే రోజుల్లో కూడా ఆయన్ను అలా చూడలేదు ఆమె.

"దర్జీ పిల్లవి కదూ," అన్నాడు. అరవై దాటిన మనిషిని పిల్ల అన్నాడు. "ఫోటో ఎత్తింది నువ్వేనట."

మిసావో క్షమించమన్నట్టు చాప మీద నుదురు ఆనించింది.

"లే, లే. చాప చల్లగా ఉంది," అన్నాడు. తను కొంచెంసేపు కూడా కోపగించుకోలేదనీ, నిజానికి వాళ్ళు చేసింది మేలేననీ చెప్పాడు. గంట కూడా అయిపోయింది కాబట్టి ఇక ఎవరూ ఏమీ అడగరు. చిజు లేకుండా పొద్దున లేచి ఏం చెయ్యాలో తనకు తెలియదు. కింద పడ్డవాణ్ణి లే లే అనడం రిఫరీ పని కాదు, లెక్కపెట్టడమే అతని పని. లెక్క అయిపోయింది.

మిసావో వాదించలేదు. అగరుబత్తి వెలిగించి చిజుకు దండం పెట్టింది. తర్వాత మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ గట్టు కింద ఊరగాయ కుండ. తవుడూ ఉప్పూ నానేసి అందులో ముల్లంగీ, వంకాయా పూడ్చిపెట్టే కుండ. దాన్ని రోజూ చేత్తో అడుగునుంచి కలియబెట్టాలి, లేకపోతే చెడిపోతుంది. చిజు పోయినప్పటినుంచి అందులో ఎవరి చెయ్యీ పడలేదు. మూత తీయగానే పులిసిన వాసన ముఖాన కొట్టింది. పైన తెల్లటి పొర కట్టింది. మిసావో కోటు చేతులు పైకి మడిచి, ఆ పొర తీసేసి, మోచేతి దాకా లోపలికి పెట్టి కలపడం మొదలుపెట్టింది. పైదంతా చెడింది గాని అడుగు ఇంకా బాగానే ఉంది, వెచ్చగా, బతికున్నదేదో ఊపిరి తీస్తున్నట్టు.

ఆ వాసన గదిలోకి పాకింది. కుసాకా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"దాన్ని వదిలెయ్. ఎవరు తింటారు?"

"అలా వదిలేస్తే చిజు గారు ఊరుకోరు. ఎన్నిసార్లు నేర్పారో నాకు. నేను కలిపితే తవుడు కలిపినట్టు లేదనీ, బట్ట ఉతికినట్టుందనీ తిట్టేవారు."

"నీకెప్పుడు నేర్పింది? తను ఒసాకా వెళ్ళిందే లేదు."

మిసావో చెయ్యి ఆగింది. ఆయనకు తెలియదని అప్పుడు అర్థమైంది ఆమెకు. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. చిజు చెప్పవద్దంది గాని, చిజు ఇప్పుడు లేదు.

కుసాకా పోటీ ఉన్న ప్రతిసారీ చిజు ఒసాకా వచ్చేది. నేను చూడలేను, ఇంట్లోనే ఉంటానని ఆయనతో చెప్పి, ఆయన వెనకాలే ఇంకో రైల్లో వచ్చి, మిసావో దుకాణంలో కూర్చునేది. హాలు గోడకు వీపు ఆనించి కూర్చునేది. జనం అరుపులకు గోడ అదిరేది. ఆ అరుపులు ఎవరి కోసమో తెలిసేది కాదు. అందుకని చెవులు మూసుకునేది, గంట మోగితే మాత్రం తీసేది. చేతులకు పని ఉండాలని దుకాణం మూలనున్న మిసావో ఊరగాయ కుండ ముందేసుకుని కలుపుతుండేది. పోటీ అయిపోగానే ఆయన కంటే ముందు ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు స్నానానికి నీళ్ళు కాచి పెట్టేది.

"భయం వెయ్యదా అని ఒకసారి అడిగాను," అంది మిసావో. "గంట మోగిందంటే మా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడన్నమాట, మిసావో గారూ, నాకది చాలు అన్నారు."

కుసాకా వంటింటి గట్టు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. కొట్టి కొట్టి మొద్దుబారిన ఆ పెద్ద చేతులు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుని, వాటికేసే చూస్తున్నాడు. ఇంటికొచ్చేసరికి ఆమె చేతులకు ఎప్పుడూ తవుడు వాసన వచ్చేదని అన్నాడు చివరికి. పొద్దున్నే కలిపే మనిషి చేతులకు రాత్రి కూడా ఆ వాసన ఎందుకని ఏనాడూ అడగలేదట.

మిసావో కుండ మూత పెట్టి చేతులు కడుక్కుంది. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు, "నాది ఎలా జరిగింది?"

"ఏది?"

"నా గంట. జనం ఉన్నారా?"

"హాలు నిండా."

"అబద్ధాలాడకు."

"సగం ఉంటారు. వాన పడింది ఆ రోజు."

"ఊఁ. వాన పడితే ముకాయికీ సగమే వచ్చారు." అనౌన్సరు ఏమన్నాడని అడిగాడు. ఎడమచేతి దెబ్బకు పెట్టింది పేరని చదివాడని చెప్పింది ఆమె. "ఎడమా? ఎడమచేత్తో నేను చెమట తుడుచుకునేవాణ్ణి. నలుగురి ముందు ఎడమ అన్నాడా, వెధవ." ఆపి మళ్ళీ అడిగాడు, ఈసారి మెల్లగా, ఎవరైనా ఏడ్చారా అని.

"ఒగినో గారు వచ్చారు," అంది మిసావో.

కుసాకా తల ఎత్తాడు.

ఒగినో కర్ర పట్టుకుని వచ్చాడు. ఒక కన్ను ఆ రోజుల్లోనే పోయింది, రెండోది ఇప్పుడు మసక. రెండో పోటీ తర్వాత కంట్లో పొర చిరిగి ఆట మానేశాడు. కుసాకాతో జరగవలసిన మూడోది అందుకే జరగలేదు. ఆ సాయంత్రం రింగు పక్కన కుర్చీ వేస్తే కూర్చోలేదు. గంట మోగినంతసేపూ కర్ర కూడా చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. దీపాలు వెలిగి అందరూ కూర్చున్నాక కూడా నిలబడే ఉన్నాడు. మిసావో ఫోటోతో దిగుతుంటే అడ్డం వచ్చి, ఫ్రేము తడిమి, దాంతో మాట్లాడాడు.

"ఏమన్నాడు?"

మిసావో చెప్పడానికి వెనకాడింది.

"చెప్పు."

"మూడోది నేను గెలిచానురా కుసాకా, అన్నారు."

వంటింట్లో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. కుసాకా ముఖంలోకి మెల్లగా రక్తం వచ్చింది.

"ఏడుస్తూ అన్నాడా, నవ్వుతూ అన్నాడా?"

"రెండూ."

"నేను పోలేదని వాడికి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు."

"అంటే వాడు ఇన్నాళ్ళుగా గెలిచినట్టే నిద్రపోతున్నాడన్నమాట," అన్నాడు. గట్టు మీద చెయ్యి వేశాడు. ఒక మోకాలు ఎత్తాడు, ఆగాడు, రెండోది ఎత్తాడు. మిసావో సాయానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. లేచి నిలబడి, గోడ పట్టుకుని, నా కోటేది అన్నాడు. ఆమెను కాదు అడిగింది. అలవాటుగా ఇంటిని అడిగాడు. జవాబు రాలేదు. తనే వెళ్ళి మూడు సొరుగులు లాగి, కర్పూరం వాసన కొట్టే కోటు తీసుకుని వచ్చాడు. చిజు ఫోటో ముందు కొత్త అగరుబత్తి గుచ్చి, సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పాడు. రైలు కిటికీలో కమలాతోటలు పోతుంటే వాటిని కొత్తగా చూసినట్టు చూశాడు.

ఒగినో దుకాణం కాలువ పక్క సందులో. నీళ్ళ తొట్టిలో టోఫు పలకలు తెల్లగా, నిద్రపోతున్న చేపల్లా ఉన్నాయి. లోపల తొట్టి పైన చెక్క అరలో, పత్రికలోంచి కత్తిరించిన కుసాకా బొమ్మ, దాని ముందు చిన్న కప్పులో సాకే అనే బియ్యపు సారా, ఒక అగరుబత్తి. ఒగినో మోచేతి దాకా నీళ్ళలో పెట్టి పలక కోస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే, ఏం కావాలండీ అన్నాడు.

"మెత్తటిది ఒకటి," అన్నాడు కుసాకా.

ఒగినో చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. నీటి మీద వలయం ఒకటి తొట్టి అంచు దాకా వెళ్ళి తిరిగివచ్చింది. మెల్లగా తొట్టి చుట్టూ తిరిగి వచ్చి, తడి చెయ్యి చాచి, ఎదుటి మనిషి ఎడమ చెవి పట్టుకున్నాడు. నలిగి ముడుచుకుపోయిన చెవి. దాన్ని అలా చేసింది తనే. వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాదే," అన్నాడు. తర్వాత ఆ చెవిని వదలకుండానే గుంజాడు. "ఎంత ఏడ్చానో తెలుసా నీకు? ఈ కన్ను ఇప్పటికే మూడొంతులు పోయింది. ఉన్నది కూడా నీకోసం పోగొట్టుకున్నాను. సిగ్గుండాలి మనిషికి."

"వదలరా. ఈసారి ఊడదీస్తావా?"

కుసాకా లోపలికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అరలో ఉన్న తన బొమ్మకేసి చూశాడు. దాని ముందున్న కప్పు తీసుకుని గుక్కలో తాగేశాడు.

"చప్పబడిపోయింది."

"పోయినవాళ్ళకి అదే పోస్తారు."

"మూడోది గెలిచావటగా."

"గెలవలేదా మరి? నువ్వు పడుకున్నావు, నేను నిలబడ్డాను."

"నేను బతికే ఉన్నాను," అన్నాడు కుసాకా. "మూడోది ఇంకా మొదలే కాలేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ మిసావో ఆ మాట విని, ఎందుకో దుకాణం గోడ మీద చెయ్యి వేసింది. ఒగినో నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు, ముఖం తుడుచుకున్నాడు. హాలులో విన్న బోర్డు సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. నువ్వు కాకపోతే మరి ఆ బోర్డు ఎవరిదని అడిగాడు.

"చిజుది."

ఒగినో నెమ్మదిగా వెళ్ళి అరలోంచి కుసాకా బొమ్మ తీసేశాడు. భుజం మీది తువ్వాలుతో అర తుడిచాడు. కప్పు కడిగి తాజా సాకే పోశాడు. కొత్త అగరుబత్తి వెలిగించాడు. అర ఖాళీగా ఉంది, పొగ ఒక్కటీ సన్నగా పైకి పోతోంది.

"ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. "ఒక్క పోటీకీ రాలేదుగా ఆవిడ."

"వచ్చేది," అన్నాడు కుసాకా. "ప్రతిసారీ వచ్చేది. గోడ అవతల కూర్చునేది. నాకూ ఇవాళే తెలిసింది."

ఇద్దరూ ఆ ఖాళీ అరకేసి చూస్తూ కూర్చున్నారు. బయట ఎవరో గిన్నె పట్టుకుని టోఫు కోసం వచ్చారు. మిసావో లోపలికి వెళ్ళి, తనే చేతులు తడుపుకుని, పలక కోసి ఇచ్చి పంపించింది. ఆ ముసలాళ్ళిద్దరూ గమనించలేదు.

ఒగినో వేడి టోఫు రెండు గిన్నెల్లో వేసి, పైన ఉల్లికాడలు చల్లి తెచ్చాడు. కుసాకా తినే పుల్లలు పట్టుకున్నాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. రెండోదానికి అంతసేపు పట్టలేదు. తింటూ, వచ్చే పోటీల నాడు హాలుకు వెళ్ళాలని చెప్పాడు. తనను నలుగురిలో పోయినవాణ్ణి చేశారనీ, నలుగురిలోనే నిలబడి అది చెరపాలనీ, రింగు మెట్లెక్కడానికి మాత్రం ఇప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలనీ అన్నాడు.

"నీ చెయ్యి నేను పట్టుకోవడమా?" అన్నాడు ఒగినో. "నాకే దారి కనబడదు."

"దారి నేను చూస్తాను. నువ్వు చెయ్యి పట్టుకో."

"అయితే ఆ అనౌన్సరుకు నేను చెబుతాను, నీది ఎడమ కాదు కుడి అని. ఆ రోజే లేచి అరుద్దామనుకున్నాను, చావు సభ కదా అని ఊరుకున్నాను."

"నీకెలా తెలుసు అది కుడి అని?"

"ఎవరి ముఖం మీద పడిందిరా అది?"

రెండో పోటీ ఏ రౌండులో ఆ దెబ్బ తగిలిందో అన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. ఒకరు ముందంటే ఇంకొకరు చివర అన్నారు. గొంతులు పెరిగాయి. దర్జీ పిల్లా, నువ్వు చెప్పు అని ఇద్దరూ ఒకేసారి మిసావో వైపు తిరిగారు. తను గోడ అవతల చిజుతో ఉందనీ, తనకు గంట మాత్రమే వినబడిందనీ చెప్పిందామె. పనికిరాని సాక్ష్యం అని ఒగినో గొణిగాడు.

కుసాకా ఖాళీ గిన్నె ముందుకు జరిపి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. "ఇంకొంచెం వెయ్యి."